ఒకే వైరస్, ఇంట్లో ముగ్గురికి మూడు రకాలు: పసిపిల్లల జలుబు దగ్గుల వెనుక కథ

2025 జనవరి 6న బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు హెచ్‌ఎంపీవీ అనే శ్వాస వైరస్ ఉన్నట్టు ఐసీఎంఆర్ పరీక్షల్లో తేలిందని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. పాపకు మూడు నెలలు, బాబుకు ఎనిమిది నెలలు. ఆ సాయంత్రానికల్లా టీవీల్లో హడావుడి మొదలైంది. వాట్సాప్ గ్రూపుల్లో లాక్‌డౌన్ పుకార్లు తిరిగాయి. స్టాక్ మార్కెట్ కూడా ఆ రోజు గట్టిగా పడింది. ఇంట్లో చంటిబిడ్డ ఉండి, ఆ బిడ్డకు అప్పుడే ముక్కు కారుతూ ఉన్న తల్లిదండ్రుల టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు.

అదే ప్రకటనలో ఉన్న ఇంకో మాట మాత్రం చాలామంది చెవికి ఎక్కలేదు. ఆ పిల్లలిద్దరూ విదేశాలకు వెళ్లినవాళ్లు కారు. అంటే ఆ వైరస్ అప్పటికే ఇక్కడ మన మధ్య తిరుగుతోంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించింది 2001లో. కానీ దాచి ఉంచిన పాత రక్త నమూనాలు తీసి చూస్తే 1958 నాటి వాటిలోనూ దాని జాడలు కనిపించాయి. మనలో చాలామందికి చిన్నప్పుడే అది వచ్చి పోయింది, మన అమ్మానాన్నలు దాన్ని పడిశం అనుకుని ఊరుకున్నారు.

ఇలాంటి కంగారు రెండు మూడేళ్లకోసారి కొత్త పేరుతో వస్తోంది. 2023 మొదట్లో పశ్చిమ బెంగాల్‌లో అడినోవైరస్, ఆ తర్వాత హెచ్‌ఎంపీవీ. పేరు మారినప్పుడల్లా భయం మళ్లీ మొదటికొస్తుంది. నిజానికి పిల్లల విషయంలో వైరస్ పేరు కన్నా రెండు సంగతులు మనకు ఎక్కువ చెబుతాయి. అది ఏ దారిన వచ్చింది? ఎంత వయసు బిడ్డను పట్టుకుంది?

## జలుబు అనే ఒక్క పేరు కింద ఎన్ని వైరస్‌లు

ముక్కు, గొంతు, శ్వాసనాళాలు, ఊపిరితిత్తుల్లో చేరి పెరిగే వైరస్‌లను శ్వాస వైరస్‌లు అంటారు. వాటిలో ఎక్కువగా కనిపించేది రైనోవైరస్. మామూలు జలుబులో పెద్ద వాటా దీనిదే. ఇందులో 160కి పైగా రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే మిగతా రకాల నుంచి పెద్దగా రక్షణ దొరకదు. అందుకే జలుబు ఒకసారి వచ్చి పోయిందని మళ్లీ రాకుండా ఉండదు. వైరస్ చేరిన రెండు రోజుల్లోపే ముక్కు కారడం మొదలవుతుంది.

పసిపిల్లల డాక్టర్లు ఎక్కువగా జాగ్రత్తపడేది ఆర్‌ఎస్‌వీ (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్) గురించి. దీన్ని 1956లో చింపాంజీల్లో గుర్తించారు, మరుసటి ఏడాదే పిల్లల్లో కనుక్కున్నారు. రెండేళ్లు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఒకసారైనా ఇది వస్తుంది. ఎక్కువమందికి జలుబుతోనే సరిపోతుంది. కొందరు చంటిపిల్లల్లో మాత్రం ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాల దాకా దిగి వాపు తెస్తుంది. ఆ వాపును డాక్టర్లు బ్రాంకియోలైటిస్ అంటారు. ఇళ్లల్లో నెమ్ము చేసిందని చెప్పుకునే వాటిలో చాలా భాగం ఇదే. 2019 లెక్కల ప్రకారం ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు లక్ష మరణాలకు ఆర్‌ఎస్‌వీ కారణం. అందులో 97 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే. చనిపోయిన వాళ్లలో దాదాపు సగం మంది ఆరు నెలలు కూడా నిండనివాళ్లు.

హెచ్‌ఎంపీవీ దీనికి దగ్గరి చుట్టం, లక్షణాలూ దాదాపు అవే. ప్యారాఇన్‌ఫ్లూయెంజా వస్తే గొంతు కింద వాచి, కుక్క మొరిగినట్టు దగ్గు వస్తుంది, అదీ ఎక్కువగా రాత్రిపూట. అడినోవైరస్ తెచ్చే జ్వరం రోజుల తరబడి ఉంటుంది, కళ్లు ఎర్రబడతాయి. ఇన్‌ఫ్లూయెంజా అంటే ఫ్లూ, ఒక్కసారిగా వచ్చే జ్వరం, ఒళ్లునొప్పులు. ఇక కరోనా కుటుంబంలో కోవిడ్‌తో పాటు, ఎప్పటి నుంచో మామూలు జలుబు తెచ్చే మరో నాలుగు వైరస్‌లున్నాయి. బిడ్డను చూసి ఇది ఫలానా వైరస్ అని చెప్పడం అనుభవమున్న డాక్టరుకైనా కష్టమే, లక్షణాలు అంతగా కలిసిపోతాయి.

## చేతుల మీదుగానా, గాలిలోనా: ఎడతెగని వాదన

తుమ్మినా, దగ్గినా, మాట్లాడినా, ఏడ్చినా నోటి నుంచీ ముక్కు నుంచీ తడి కణాలు బయటికొస్తాయి. పెద్ద తుంపర్లు మీటరు, రెండు మీటర్ల లోపు కింద పడతాయి. కంటికి కనిపించనంత చిన్నవి గాలి ఆడని గదిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. మూడో దారి చేతులు. చీమిడి అంటిన చెయ్యి బొమ్మ మీద పడుతుంది, ఆ బొమ్మ ఇంకో బిడ్డ చేతిలోకి వెళ్తుంది, ఆ చెయ్యి కన్నో ముక్కో నలుపుకుంటుంది. ఈ మూడింటిలో ఏది ముఖ్యం అన్నదాని మీద శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు.

ఆర్‌ఎస్‌వీ విషయంలో అమెరికాలోని రాచెస్టర్‌లో పిల్లల డాక్టర్ కేరొలైన్ బ్రీస్ హాల్ బృందం చేసిన ప్రయోగం చాలా స్పష్టంగా ఉంటుంది. ఫలితాలు 1981లో వచ్చాయి. ఆర్‌ఎస్‌వీతో ఆసుపత్రిలో ఉన్న పసిపిల్లల దగ్గరికి మూడు రకాల వలంటీర్లను పంపారు. మొదటి రకం వాళ్లు బిడ్డను ఎత్తుకుని లాలించారు. రెండో రకం బిడ్డ దగ్గర లేనప్పుడు వెళ్లి, ఆ మంచాన్నీ బొమ్మలనూ ముట్టుకుని తమ కళ్లూ ముక్కూ తాకారు. మూడో రకం అదే గదిలో ఆరడుగులకు మించిన దూరంలో ఊరికే కూర్చున్నారు. ఎత్తుకున్న ఏడుగురిలో ఐదుగురికి వైరస్ అంటుకుంది. వస్తువులు తాకిన పదిమందిలో నలుగురికి. దూరంగా కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ రాలేదు.

అంతకుముందు ఏడాది అదే బృందం ఇంకో లెక్క తీసింది. గట్టి బల్లల మీద ఆర్‌ఎస్‌వీ ఆరు గంటల దాకా బతికి ఉంటుంది. గుడ్డ మీదా కాగితం మీదా అరగంట నుంచి ముప్పావుగంట. చర్మం మీద 20 నిమిషాల వరకు. మన ఇళ్లల్లో ఒక బిడ్డ ముక్కు తుడిచిన చీర చెంగుతోనే వెంటనే ఇంకో బిడ్డ మూతి తుడవడం మామూలు. బారసాలలోనో అన్నప్రాసనలోనో పసిబిడ్డ ఒక ఒడి నుంచి ఇంకో ఒడికి మారుతూ ఉంటుంది, వచ్చిన ప్రతివాళ్లూ బుగ్గలు పుణుకుతారు. రాచెస్టర్ వలంటీర్లలో మనం మొదటి రకం మనుషులం. బిడ్డను ఎత్తుకోవడం మన ప్రేమ, అందులో తప్పేమీ లేదు. వైరస్‌కు మాత్రం అంతకన్నా దగ్గరి దారి లేదు.

రైనోవైరస్ దగ్గరికి వచ్చేసరికి కథ అంత తేలిగ్గా తేలలేదు. 1978లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో జాక్ గ్వాల్ట్నీ బృందం చేసిన ప్రయోగంలో చేతితో చెయ్యి తాకి, ఆ తర్వాత ముక్కో కన్నో ముట్టుకున్న 15 మందిలో 11 మందికి జలుబు అంటుకుంది. గాలి ద్వారా మాత్రం దాదాపు ఎవరికీ అంటుకోలేదు. దాంతో చేతులదే పాపమని అందరూ అనుకున్నారు. 1987లో అమెరికాలోనే విస్కాన్సిన్‌కు చెందిన ఇలియట్ డిక్ బృందం దానికి అడ్డంగా ఇంకో ఫలితం చూపించింది. జలుబు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కలిపి గంటల తరబడి పేకాట ఆడించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సగం మందికి, చేతులు ముఖం దాకా వెళ్లకుండా పట్టీలు కట్టారు. అయినా వాళ్లకు జలుబు రావడం పెద్దగా తగ్గలేదు. ఆ తర్వాత బాగా చీమిడి అంటిన పేకముక్కలను వేరే గదికి పంపి, అక్కడ ఆరోగ్యవంతులతో ఆడించారు. మాటిమాటికీ ముఖం తాకమని కూడా చెప్పారు. ఒక్కరికీ రాలేదు. అంటే గాలిదే పెద్ద పాత్ర అని డిక్ వాదన.

రెండూ జాగ్రత్తగా చేసిన ప్రయోగాలే, రెండింటిలో ఏదీ తప్పు కాదు. చీమిడి తడిగా ఉండి చెయ్యీ చెయ్యీ కలిస్తే ఒక ఫలితం వస్తుంది, ఆరిపోయిన పేకముక్కలైతే ఇంకోటి వస్తుంది. రెండూ పెద్దవాళ్ల మీద చేసినవని కూడా గుర్తుంచుకోవాలి. రెండేళ్ల పిల్లలు గంటలో ఎన్నిసార్లు వేళ్లు నోట్లో పెట్టుకుంటారో, ఎదుటివాళ్ల ముఖం మీద ముఖం పెట్టి ఎంత గట్టిగా ఏడుస్తారో చూసినవాళ్లకు, పసిపిల్లల దగ్గర రెండు దారులూ ఒకేసారి తెరిచి ఉంటాయని అర్థమవుతుంది. కోవిడ్ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తుంపర్లు వేరు, గాలి వేరు అనే పాత గీతను వదులుకుంది. 2024 ఏప్రిల్‌లో, చిన్నా పెద్దా అన్ని కణాలనూ గాలి ద్వారా వ్యాపించే వాటి కిందే లెక్కిద్దామని చెప్పింది.

చేతుల శుభ్రం దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆర్‌ఎస్‌వీ, ఫ్లూ, కరోనా, హెచ్‌ఎంపీవీల మీద కొవ్వు పొర ఉంటుంది. సబ్బూ శానిటైజరూ ఆ పొరను చెదరగొట్టేస్తాయి. అడినోవైరస్, రైనోవైరస్‌లకు ఆ పొర లేదు. వాటి మీద శానిటైజర్ అంత బాగా పని చేయదు. సబ్బు రుద్ది, నీళ్లతో కడిగేస్తేనే మేలు.

## ఒక ఇంట్లో పది పదిహేను రోజులు

ఒక ఊహాజనిత ఇల్లు తీసుకుందాం. యూకేజీ చదివే అక్క, మూడు నెలల తమ్ముడు, అమ్మానాన్న, నానమ్మ. సోమవారం బడిలో అక్కకు ఆర్‌ఎస్‌వీ అంటుకుంది. ఈ వైరస్‌కు మామూలుగా నాలుగు నుంచి ఆరు రోజుల పొదుగు కాలం, అంటే వైరస్ చేరాక లక్షణాలు బయటపడటానికి అంత సమయం పడుతుంది. అక్కకు శనివారం ముక్కు కారడం మొదలైంది. జ్వరం లేదు, ఆడుకుంటోంది. తమ్ముణ్ని ముద్దు పెట్టుకోకుండా ఆపాలని ఎవరికీ తట్టలేదు. లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అక్క ద్వారా వైరస్ పాకడం మొదలై ఉండవచ్చు.

తర్వాతి గురువారం తమ్ముడికి ముక్కు దిబ్బడ. శుక్రవారం పాలు సరిగా తాగలేదు. బ్రాంకియోలైటిస్ సాధారణంగా మూడు నుంచి ఐదో రోజు మధ్య ముదురుతుంది. ఆదివారానికి ఛాతీలో పిల్లికూతలు, ఆయాసం మొదలయ్యాయి. అదే రోజుల్లో అమ్మకు కొంచెం గొంతునొప్పి. నానమ్మకు గట్టి దగ్గు, వారం దాటినా తగ్గలేదు. అందరిదీ ఒకే వైరస్. అక్కకు రొంప, నానమ్మకు దగ్గు, చంటివాడికి ఆసుపత్రి.

కెన్యాలోని కిలిఫిలో ఇళ్లకు వెళ్లి వారాల తరబడి ముక్కు నమూనాలు తీసి చూసిన పరిశోధకులకు కూడా ఇదే కనిపించింది. ఇంట్లోనే వైరస్ అంటుకున్న పసిపిల్లల్లో ఎక్కువమందికి తెచ్చి ఇచ్చింది వాళ్ల అన్నలూ అక్కలే, అందులోనూ బడికి వెళ్లేవాళ్లు.

తగ్గిన తర్వాత కూడా కొన్నాళ్లు వైరస్ బయటికొస్తూనే ఉంటుంది. ఆర్‌ఎస్‌వీ ఉన్నవాళ్లు మామూలుగా మూడు నుంచి ఎనిమిది రోజులు ఇతరులకు అంటించగలరు. పసిపిల్లల్లో, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లలో ఇది నాలుగు వారాల దాకా ఉండొచ్చు. ముక్కు కారే పిల్లలందరినీ ఇంట్లో ఉంచితే బళ్లు నడవవు. అసలు పంపకూడదంటే కూలికి వెళ్లే అమ్మ పని మానుకోవాలి. అందుకే చాలా దేశాల్లో జ్వరం తగ్గి, బిడ్డ హుషారుగా ఉంటే బడికి పంపవచ్చంటారు. అలా పంపినందుకు కొంత వ్యాప్తి ఆగదు. అది తెలిసి చేసుకున్న సర్దుబాటు.

## అదే వాపు, గొట్టం మాత్రం చిన్నది

చంటివాడికే ఎందుకు అంత కష్టం? కొంచెం లెక్క వేస్తే తెలుస్తుంది. పసిబిడ్డ శ్వాసనాళం వెడల్పు 4 మిల్లీమీటర్లు అనుకుందాం. వాపు వల్ల లోపల చుట్టూ ఒక్క మిల్లీమీటరు మందం పెరిగితే మిగిలే దారి 2 మిల్లీమీటర్లు. వెడల్పు సగమైతే గాలి వెళ్లే చోటు నాలుగో వంతుకు పడిపోతుంది. గాలికి ఎదురయ్యే అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్ల నాళం 8 మిల్లీమీటర్లు అనుకుంటే, అదే ఒక మిల్లీమీటరు వాపుతో 6 మిగులుతుంది. గాలికి అడ్డు సుమారు మూడు రెట్లే పెరుగుతుంది. పెద్దవాళ్లకు గొంతు బొంగురుపోయే వాపు, పసివాడికి ఊపిరాడనివ్వదు. బిడ్డ ఏడిస్తే గాలి సుడులు తిరిగి అడ్డు ఇంకా పెరుగుతుంది.

దీనికి తోడు మొదటి నెలల్లో పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. ముక్కు మూసుకుపోతే పాలు తాగడం కష్టం, నిద్రా కష్టం. తల్లి నుంచి వచ్చే యాంటీబాడీలు, అంటే వైరస్‌లను అడ్డుకునే రక్షక ప్రోటీన్లు, ఎక్కువగా గర్భం చివరి మూడు నెలల్లో బిడ్డకు చేరతాయి కాబట్టి నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు అవి తక్కువ. పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లకు, కట్టెల పొయ్యి, బీడీ, సిగరెట్ పొగ మధ్య పెరిగేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఆయాసాన్ని డాక్టర్లూ ఆశా కార్యకర్తలూ అంకెల్లో చూస్తారు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం పాటు ఊపిర్లు లెక్కపెడతారు. రెండు నెలల్లోపు బిడ్డకు 60 లేదా అంతకు మించితే, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50 లేదా పైన ఉంటే, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 లేదా పైన ఉంటే వేగంగా పీలుస్తున్నట్టు. డొక్కలు ఎగరేయడం, పాలు పట్టకపోవడం, పెదాలు నీలంగా మారడం ఇంకా తీవ్రమైన గుర్తులు, ఇవి కనిపిస్తే అది వెంటనే ఆసుపత్రిలో చూడాల్సిన స్థితి. నెలల పిల్లల్లో ఒక్కోసారి దగ్గేమీ లేకుండా ఊపిరి మధ్య మధ్య ఆగడమే ఆర్‌ఎస్‌వీకి మొదటి గుర్తు కావచ్చు.

## ఏడాదంతా జలుబేనా?

ప్లేస్కూల్లో చేర్చిన మొదటి ఏడాది చాలా ఇళ్లల్లో వినిపించే బాధ ఇదే. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. ఎనిమిది అనుకుని, ఒక్కోటి పది రోజులు ఉంటుందనుకుంటే 80 రోజులు. వాటిలో ఆరు జూలై నుంచి జనవరి మధ్యే వచ్చాయనుకోండి. మన దగ్గర వానల్లోనూ చలికాలంలోనూ ఇవి ఎక్కువ, హైదరాబాద్ నిలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రుల ఓపీలు కిక్కిరిసేదీ అప్పుడే. ఆ ఏడు నెలల సుమారు 210 రోజుల్లో 60 రోజులు, అంటే ప్రతి మూడున్నర రోజుల్లో ఒక రోజు బిడ్డకు ముక్కు కారుతూనే ఉంటుంది. అన్ని జలుబులూ తేలికగా తగ్గిపోతూ, మధ్యలో బిడ్డ బరువు పెరుగుతూ ఉంటే ఇది రోగనిరోధక శక్తి లోపం కాదు.

మరి తొందరగా బడికి పంపడం మంచిదా, చెడ్డదా? అమెరికాలోని టూసాన్‌లో పుట్టినప్పటి నుంచి పిల్లలను గమనించిన అధ్యయనంలో, ఎక్కువమంది పిల్లలుండే డేకేర్‌కు చిన్నప్పుడే వెళ్లినవాళ్లకు రెండేళ్ల వయసులో జలుబులు ఎక్కువ, బడి వయసొచ్చాక తక్కువ. 13 ఏళ్లకు ఆ తేడా పోయింది. దీన్ని బట్టి ఎప్పుడైనా రావాల్సినవే కదా అనేవాళ్లున్నారు. అది సగమే నిజమని నాకనిపిస్తుంది. నాలుగేళ్లకు వచ్చే ఆర్‌ఎస్‌వీకి, నాలుగు నెలలకు వచ్చే ఆర్‌ఎస్‌వీకి పైన చెప్పిన గొట్టం లెక్కంత తేడా ఉంది. రావడం తప్పకపోవచ్చు, ఎప్పుడు వస్తుందన్నది మాత్రం చాలా ముఖ్యం.

## చల్లగాలి, తడి తల, పెరుగన్నం

తల తడిస్తే జలుబు చేస్తుందన్న మాటను పూర్తిగా కొట్టిపారేయలేం, పూర్తిగా ఒప్పుకోలేం. వైరస్ లేకుండా చలి ఒక్కటే జలుబు తేలేదు. ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో దశాబ్దాల పాటు నడిచిన జలుబు పరిశోధన కేంద్రంలో వలంటీర్లను చలిలో ఉంచి చూసినా జలుబు పెరగలేదు. 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు 90 మందిని చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చోబెడితే తర్వాతి నాలుగైదు రోజుల్లో 13 మంది జలుబు చేసిందన్నారు, నీళ్లలో పెట్టని 90 మందిలో ఐదుగురు. వాళ్లకు వైరస్ పరీక్ష మాత్రం చేయలేదు. ముక్కు చల్లబడితే అక్కడి కణాల రక్షణ తగ్గి రైనోవైరస్ సులువుగా పెరుగుతుందని 2015లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎలుకల కణాల్లో చూపించారు. పెద్దవాళ్ల మాటలో కొంత నిజం ఉండొచ్చు. కానీ వానల్లో జలుబులు పెరగడానికి తలుపులు మూసి ఒకే గదిలో అందరూ చేరడం కూడా పెద్ద కారణం. పెరుగు, అరటిపండు వల్ల వైరస్ రాదు. జబ్బుగా ఉన్న బిడ్డకు వాటిని మాన్పిస్తే ఉన్న కాస్త తిండీ పోతుంది.

## రిపోర్టులో పేరు కనిపించినంత మాత్రాన

ఇప్పుడు నగరాల్లో ఒక్క ముక్కు నమూనాతో పది, ఇరవై వైరస్‌లు చూసే పీసీఆర్ ప్యానెల్ పరీక్షలు వచ్చాయి. రిపోర్టులో రెండు మూడు వైరస్‌లు ఒకేసారి కనబడటం అరుదు కాదు. చూసి బెంబేలెత్తిపోతారు. వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ఈ పీసీఆర్ పరీక్ష, చచ్చిపోయిన వైరస్ ముక్కను కూడా పట్టేస్తుంది. రైనోవైరస్ అయితే జబ్బు తగ్గిన వారాల తర్వాత కూడా కనిపించవచ్చు, ఏ లక్షణమూ లేని పిల్లల్లోనూ కనిపిస్తుంది. బంగ్లాదేశ్‌తో సహా ఏడు దేశాల్లో జరిగి 2019లో వెలువడిన అధ్యయనం అందుకే జబ్బు పిల్లలతో పాటు ఆరోగ్యంగా ఉన్న పిల్లలనూ పరీక్షించింది. అలా పోల్చి చూశాక, తీవ్ర న్యుమోనియాలో 31 శాతానికి ఆర్‌ఎస్‌వీ కారణమని తేల్చింది. రైనోవైరస్ మాత్రం రెండు వైపులా కనిపించి తికమక పెట్టింది. పరీక్ష అనవసరమని దీని అర్థం కాదు. ఫ్లూ అని తేలితే దానికి మందు ఉంది. ఆసుపత్రిలో ఏ బిడ్డను ఏ వార్డులో ఉంచాలో తెలుస్తుంది. ఆర్‌ఎస్‌వీ, హెచ్‌ఎంపీవీ అని తేలినా ఇచ్చే చికిత్స మాత్రం ఒకటే: అవసరమైతే ఆక్సిజన్, ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, ముక్కు శుభ్రం చేయడం.

యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియా మీద పని చేస్తాయి, వైరస్ మీద చేయవు. దగ్గు సిరప్‌ల సంగతి ఇంకా బాధాకరం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషరసాయనం కలిసిన దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదని, ఐదేళ్లలోపు వాళ్లకూ సాధారణంగా సిఫార్సు చేయరని కేంద్రం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కల్తీ లేని సిరప్ కూడా ఈ వయసులో దగ్గును తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. తనంతట తానే తగ్గే జలుబుకు ఇచ్చిన మందుతో బిడ్డలు పోవడం కన్నా ఘోరం ఏముంటుంది?

## అరవై ఏళ్లు ఆలస్యమైన రక్షణ

ఆర్‌ఎస్‌వీకి టీకా ప్రయత్నం 1960ల్లోనే జరిగింది. అప్పుడు టీకా వేసిన పసిపిల్లలకు ఆ తర్వాత వైరస్ సోకితే జబ్బు తగ్గకపోగా ముదిరింది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ దెబ్బతో పరిశోధన ఎన్నో ఏళ్లు వెనకబడింది. వైరస్ మన కణానికి అతుక్కునే ముందు దాని ప్రోటీన్ ఏ ఆకారంలో ఉంటుందో 2013లో తేలాకే దారి దొరికింది. 2023లో అమెరికాలో రెండు ఆయుధాలకు అనుమతి వచ్చింది. ఒకటి గర్భిణికి వేసే టీకా, తల్లిలో తయారైన రక్షణ బిడ్డకు చేరుతుంది. రెండోది పుట్టిన బిడ్డకే ఇచ్చే రెడీమేడ్ యాంటీబాడీ ఇంజెక్షన్. వీటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 మేలో అన్ని దేశాలకూ సిఫార్సు చేసింది. రెండింటి గురీ ఒక్కటే, ఆ మొదటి కొన్ని నెలలు దాటించడం.

మన ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇవి ఇంకా లేవు, ఫ్లూ టీకా కూడా లేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు ఏటా ఫ్లూ టీకా వేయించమని పిల్లల డాక్టర్ల సంఘం సిఫార్సు చేస్తుంది గానీ, అది సొంత ఖర్చు. ఉచితంగా దొరికేవి వేరే ఉన్నాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో కోరింత దగ్గుకూ, న్యుమోనియా తెచ్చే హిబ్ బ్యాక్టీరియాకూ రక్షణ ఉంది. 2021లో దేశమంతటికీ విస్తరించిన న్యుమోకాకల్ టీకాను ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు వేస్తారు. ఇవి జలుబు వైరస్‌లను ఆపవు. వైరస్ వచ్చి ఛాతీని బలహీనం చేశాక, దాని వెనకే లోపలికి దిగే బ్యాక్టీరియాను ఆపుతాయి. ఊళ్లో ఏఎన్‌ఎం (ఆరోగ్య కార్యకర్త) ఇచ్చే టీకా కార్డులో ఆ తేదీలు రాసి ఉంటాయి.